నవదీప్ కారు

"భవ్యా, నేనమ్మా, సదాశివరావుని" అన్నాడు ఫోన్లో.

మీ మామయ్యని అని అనలేదు. ఆఫీసు క్యాంటీన్లో భవ్యశ్రీ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"చెప్పండి మామయ్యా."

"ఏం లేదు. కింద పార్కింగుకి సొసైటీ వాళ్ళు రంగులు వేయిస్తారట. కదలకుండా పడున్న బళ్ళన్నీ తీసెయ్యమంటున్నారు. లేకపోతే వాళ్ళే లాగించేస్తారట. మన... నీ కారు ఉంది కదమ్మా."

"అమ్మేద్దాం మామయ్యా. అడిగేవాళ్ళెవరైనా ఉంటే చూడండి."

"ఒకమ్మాయి ఉంది. చాందిని అని, మా బ్లాకులో ఆడవాళ్ళకి బ్యూటీపార్లర్ పని చెయ్యడానికి వస్తుంది. ఇల్లిల్లూ తిరగడానికి చిన్న కారు కావాలిట. సోమవారం పొద్దున్న వచ్చి చూస్తానంది. కానీ ఇప్పుడున్న అవతారంలో చూస్తే మాత్రం దణ్ణం పెట్టి వెళ్ళిపోతుంది." తర్వాత గొంతు తగ్గించి, "నువ్వు పైకి రానక్కర్లేదు. పనంతా కిందే" అన్నాడు.

శనివారం పొద్దున్నే ఆమె నోయిడాలో మెట్రో ఎక్కి, ఆ చివర నుంచి ఈ చివర దాకా కూర్చుని ద్వారకలో దిగింది. భుజానికున్న సంచిలో రెండు పాత తువ్వాళ్ళు, షాంపూ సీసా, టూత్‌పేస్టు, వంటసోడా పొట్లం ఉన్నాయి. కార్లు కడిగే షాపువాడు ఫోటో చూసి చెప్పిన రేటు విన్నాక ఆ ఆలోచన మానుకుంది. అమ్మేసే బండికి అంత హంగెందుకు? మనిషి దగ్గరికొచ్చి చూడగలిగేలా ఉంటే చాలు. ఎంత తక్కువ శ్రమలో అయిపోతే అంత మంచిది. అసలు ఆ కారు దగ్గర ఎంత తక్కువసేపు నిలబడితే అంత మంచిది.

స్తంభాల మధ్య, మూడో బ్లాకు కింద, సదాశివరావు కారుకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. మనిషి తగ్గిపోయాడు. చొక్కా భుజాల దగ్గర జారుతోంది. ఆమెను చూసి కూడా కదల్లేదు. దగ్గరికి వెళ్ళాక గానీ ఎందుకు కదల్లేదో ఆమెకి తెలియలేదు. వెనక అద్దం మీది దుమ్ములో పిల్లలెవరో వేలితో హిందీలో "భూత్" అని రాశారు. ఆయన వీపుతో దాన్ని మూస్తున్నాడు.

"చూశాన్లెండి మామయ్యా" అంది.

ఆయన పక్కకి తిరిగి అరచేత్తో ఆ అక్షరాల్ని తుడిచేశాడు. చెయ్యి మట్టిరంగుకి తిరిగింది.

ఒకప్పుడు అది ముదురు నీలం. ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. కప్పు మీద పావురాల రెట్టలు తెల్లగా గట్టిపడి కూర్చున్నాయి. నాలుగు చక్రాలూ గాలి దిగి నేలకి అతుక్కున్నాయి. ముందు దీపాలు పసుపు కమ్మాయి. భవ్యశ్రీ చున్నీ నడుముకి బిగించి, ఒక చుట్టు తిరిగి చూసి, డ్రైవరు తలుపు వైపు మాత్రం చూడకుండా వెనక్కొచ్చింది.

సదాశివరావు వాచ్‌మన్ గది పక్కన కుళాయి నుంచి బకెట్లు మోశాడు. ఆమె వద్దంటే వినలేదు. తువ్వాళ్ళు ముంచి, పిండకుండా అలాగే రెట్టల మీద పరిచింది. అవి నాని మెత్తబడేదాకా గోకకూడదు, గోకితే రంగు కూడా లేచొస్తుంది. ఆలోగా మగ్గుతో నీళ్ళు పోస్తూ దుమ్ముని ముందు దానంతటదే జారనిచ్చింది. బురద నీళ్ళు కాలవలు కట్టి మురుగు జాలీ వైపు పారాయి.

"మన నవదీప్ ఎప్పుడూ దీన్ని కడిగిన పాపాన పోలేదు" అన్నాడు సదాశివరావు.

"వాన పడితే అదే కడుగుతుందిలే అనేవాడు."

అనేశాక వాన అన్న మాట ఇద్దరి మధ్యా పడి అక్కడే ఉండిపోయింది. ఆమె ఖాళీ బకెట్ ఆయన చేతికిచ్చింది. ఆయన తీసుకుని కుళాయి వైపు వెళ్ళిపోయాడు.

మూడేళ్ళ కిందట ఆ రోజు సాయంత్రం ఆమె ఆఫీసు గేటు దగ్గర షెడ్డు కింద నిలబడి, "ఒకటే వాన, క్యాబ్ దొరకట్లేదు" అని నవదీప్‌కి మెసేజ్ పంపింది. అంతే పంపింది. రమ్మనలేదు. కాసేపటికి "వస్తున్నా" అని జవాబొచ్చింది. తర్వాత ఆమె చాలాసేపు నిలబడింది. వాన తగ్గింది, షెడ్డు కింద అందరూ వెళ్ళిపోయారు, క్యాబ్‌లు కూడా దొరకడం మొదలుపెట్టాయి. అయినా వస్తానన్నాడు కదాని ఆమె కదల్లేదు. దారిలో ఒక ఫ్లైఓవర్ కింద అతను కారుని జాగ్రత్తగా ఎడమ పక్కకి తీసి ఆపుకున్నాడు. హెచ్చరిక దీపాలు కూడా వేశాడు. ఎవరో అద్దం కొట్టి చూసేసరికి అయిపోయింది. గుండె.

పదకొండో రోజున, బంధువులందరి ముందూ, భవ్యశ్రీ తల్లి పక్కనుండగా, అత్తగారు సుభాషిణి అంది: "దీన్ని తీసుకురావడానికే కదా పోయాడు నా కొడుకు. ఒక్క పూట ఆటోలో రాలేకపోయిందా?"

భవ్యశ్రీ నిజమే కదా అనుకుంది. మూడేళ్ళుగా అదే అనుకుంటోంది. ఆ ఆఫీసు గేటులోంచి మళ్ళీ బయటికి రాలేక ఉద్యోగం మారింది. ఎంత వానైనా ఎవరికీ ఎక్కడున్నానో చెప్పడం మానేసింది.

మధ్యాహ్నానికి కప్పు, బానెట్టు బయటపడ్డాయి. షాంపూ నురగ పట్టించి, పైనుంచి కిందికి తుడుస్తూ వచ్చారు. టూత్‌పేస్టుతో ముందు దీపాలు గుండ్రంగా రుద్దుతుంటే పసుపు వదిలి అద్దం కనిపించసాగింది. సదాశివరావు కాలి పంపు తెచ్చి, చక్రాలకి గాలి కొడుతూ మధ్యమధ్య నడుము పట్టుకుని ఆగాడు. కారు ఒక్కో మూలా మెల్లగా పైకి లేచింది.

ఇక లోపలి పని. వెనక సీట్ల మీద వంటసోడా చల్లి బ్రష్షుతో రుద్దింది. ముక్కిన వాసన. డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి జరిపేసి ఉంది, అతన్ని దించడానికి ఆ రోజు ఎవరో జరిపినట్టే. తర్వాత కారుని ఇక్కడికి లాగించి తెచ్చారు తప్ప ఎవరూ నడపలేదు. ఆ సీట్లో కూర్చోవడం ఆమె వల్ల కాలేదు. బయట మోకాళ్ళ మీద కూర్చుని, చెయ్యి మాత్రం సీటు కిందికి పోనిచ్చి చెత్త లాగింది. ఒక పెన్ను, ఎండిన ఆకులు, చాక్లెట్ కాగితం. తర్వాత మందుల పట్టీ ఒకటి.

గ్యాస్ మాత్రలు. ఒక గుంట మాత్రమే ఖాళీగా ఉంది.

"ఇవెవరివి? నవదీప్ ఎప్పుడూ ఇలాంటివి వేసుకునేవాడు కాదే" అంది.

సదాశివరావు పంపు వదిలి వచ్చాడు. పట్టీని తీసుకుని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి దగ్గరగా చూశాడు.

"నేను పారేస్తాలే" అని జేబులో పెట్టుకున్నాడు. చెత్త సంచి ఇద్దరి మధ్యా నోరు తెరుచుకునే ఉంది.

"ఇప్పుడే వస్తానమ్మా" అని లిఫ్టు వైపు వెళ్ళాడు. ఆమె సీట్లు తుడవడం అయిపోయింది, కింది చాపలు ఉతికి గోడ మీద ఆరేయడం కూడా అయిపోయింది. అప్పటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"వంట్లో బాగాలేదా మామయ్యా?"

"బానే ఉంది. రేపు చేద్దాం మిగతాది" అన్నాడు. మెట్రో దాకా వస్తానని బయల్దేరి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఆదివారం పాలిష్ పని. దానికోసం ఏమీ కొనాల్సిన అవసరం రాలేదు. డిక్కీలో స్టెప్నీ పక్కన వ్యాక్స్ డబ్బా ఒకటి దొరికింది. సీలు కూడా తియ్యలేదు. ఎప్పుడో ఒక ఆదివారం కారుని తళతళలాడించేస్తానని నవదీప్ కొని ఉంటాడు. భవ్యశ్రీ మూత తిప్పి చూస్తే పైన కొంచెం పగిలింది గానీ లోపల మెత్తగానే ఉంది.

సదాశివరావు పాత బనియన్ చింపి రెండు గుడ్డలు చేశాడు. ఆమె పలచగా రాయడం, ఆయన తుడవడం. ఒక తలుపుకి రాసి, అది ఆరి తెల్లటి పొగలా కమ్ముకునేదాకా ఆగి, పొడి గుడ్డతో తుడిస్తే కింద నీలం లేచొస్తోంది. ఎక్కువ రాస్తే తుడవలేక చావాలి. వేలి కొనతో తీసినంత చాలు ఒక తలుపుకి. నిన్న అయినంతలో వదిలేద్దామనుకున్న మనిషి, ఇవాళ తలుపు పిడుల కింద, అద్దాల అంచుల్లో కూడా గుడ్డ దూర్చి తుడుస్తోంది. ఎందుకో ఆమెకే తెలియలేదు. ఒక చోట మెరిస్తే పక్కది మాసినట్టు కనిపిస్తోంది, అంతే.

గుడ్డ దులపడానికి స్తంభాల బయటికి వస్తే, పైన మూడో అంతస్తు బాల్కనీలో చీర రంగు కదిలింది. భవ్యశ్రీ తలెత్తేసరికి లేదు.

కాసేపటికి సదాశివరావు పైకెళ్ళి ఫ్లాస్కుతో దిగాడు. "మీ అత్తయ్య టీ పంపింది."

"మీక్కదా."

"రెండు గ్లాసులిచ్చింది" అన్నాడు ఆయన, గ్లాసుల్ని బానెట్టు మీద పెట్టబోయి, మెరుపు చూసి, నేల మీద పెట్టాడు.

అల్లం టీ. ఆ ఇంట్లో అల్లం దంచే చప్పుడు ఆమెకి తెలుసు. సగం తాగి పక్కన పెట్టేసింది. చల్లారాక మిగతా సగం కూడా తాగింది.

పక్క బ్లాకు డ్రైవరు ఒకతను బ్యాటరీ కేబుళ్ళు తెచ్చి తన బండి నుంచి తగిలించాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి సదాశివరావు తాళం తిప్పాడు. కారు మూడుసార్లు దగ్గి నాలుగోసారి అందుకుంది.

అందుకోగానే వైపర్లు లేచాయి.

ఇటూ అటూ, ఇటూ అటూ, పూర్తి వేగంతో, పొడిగా మెరుస్తున్న అద్దాన్ని రాసుకుంటూ కొట్టుకుంటున్నాయి. ఆ రోజు వానలో వేసినవి, ఎవరూ ఆపలేదు. తాళం తీసినవాళ్ళకి ఆ ధ్యాస ఎక్కడుంటుంది?

సదాశివరావు గుడ్డ పట్టుకుని అలాగే చూస్తున్నాడు. డ్రైవరు, "అంకుల్‌జీ, బంద్ కర్ దో, షీషా ఘిస్ జాయేగా" అన్నాడు, ఆపెయ్యమని, అద్దం మీద గీతలు పడతాయని. ఆయనకి వినపడినట్టు లేదు.

భవ్యశ్రీ డ్రైవరు తలుపు తెరిచింది. సీట్లో కూర్చుంది. కాళ్ళు పెడల్స్‌కి చాలా దూరంలో ఉన్నాయి. మీట కిందికి వంచింది. వైపర్లు సగం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళి పడుకున్నాయి. ఆమె రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి కూర్చుంది.

సోమవారం సెలవు పెట్టింది. చాందిని చెప్పిన సమయానికే వచ్చింది. ముప్ఫై దాటని అమ్మాయి, జుట్టు పైకి ముడి వేసుకుంది, భుజానికి క్రీములూ సామానూ ఉన్న బరువైన సంచి. కారు చుట్టూ తిరిగి, బానెట్టులో తన మొహం చూసుకుని నవ్వింది.

"మూడేళ్ళు నిలబెట్టిన బండా ఇది? నమ్మలేను దీదీ" అంది హిందీలో. తలుపులు తీసి వేసింది. డిక్కీ ఎత్తి సంచి పెట్టి చూసుకుంది. అంతా బాగుందన్నట్టు తలూపి, చివరికి అడగాల్సింది అడిగింది: "మరి అన్నేళ్ళు ఎందుకు నడపలేదు? యాక్సిడెంట్ ఏమైనా..."

సదాశివరావు ఏదో అనబోయాడు. భవ్యశ్రీ ఆయన్ని ఆపింది. ఒక ఆడపిల్ల రేపటి నుంచి ఒంటరిగా ఈ బండిలో తిరగబోతోంది. దాచిపెట్టి అమ్మడం ఆమెకి ఇష్టం లేకపోయింది.

"యాక్సిడెంట్ కాదు" అంది హిందీలోనే. "మా ఆయన ఇందులోనే పోయాడు. గుండెపోటు. ఆ రోజు బాగా వాన. నన్ను తీసుకెళ్ళడానికని నేను..."

"నహీ."

వెనక నుంచి. లిఫ్టు తలుపు దగ్గర సుభాషిణి నిలబడి ఉంది. జుట్టు మొత్తం తెల్లబడిపోయింది. ఇంట్లో చీర, కాళ్ళకి చెప్పులు కూడా లేవు. సిమెంటు నేల మీద మెల్లగా నడుచుకుంటూ వచ్చింది. కోడలి వైపు చూడలేదు. తిన్నగా చాందిని ఎదురుగా వచ్చి నిలబడింది.

ముప్ఫై ఏళ్ళు ఢిల్లీలో ఉన్నా ఆమెకి కూరలబండి దగ్గర సరిపోయే హిందీ తప్ప రాదు. ఆ హిందీలోనే చెప్పింది.

"ఇస్ నే నహీ బులాయా. హమ్ భేజా." ఇది పిలవలేదు, నేనే పంపాను.

"అత్తయ్యా" అంది భవ్యశ్రీ.

సుభాషిణి ఆగలేదు. తన ఎడమ భుజం మీద చెయ్యి వేసి చూపించింది. "బేటా బోలా, అమ్మా, ఇధర్ దర్ద్ హై. హమ్ బోలా గ్యాస్ హై. గోలీ దియా. హమ్ బోలా, బాహర్ బారిష్ హై, బచ్చీ అకేలీ హై, తుమ్ జావ్." ఆయాసపడి ఆగింది. "ఓ బోలా, థోడా సోయేగా. హమ్ ఉఠాయా. హమ్ హీ భేజా."

భవ్యశ్రీ ఆ మాటల్ని ఒకసారి ఆ హిందీలో వింది. మళ్ళీ ఒకసారి తన లోపల, తెలుగులో, అత్తగారి గొంతుతోనే వింది. భుజం నొప్పిగా ఉందన్నాడు. కాసేపు పడుకుంటానన్నాడు. గ్యాసేలే అని ఒక మాత్ర వేయించి, పట్టీ చేతిలో పెట్టి, పిల్ల వానలో ఒక్కతే ఉంది వెళ్ళరా అని లేపి పంపింది.

చాందిని సంచి పట్టీని రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయింది. కారు వైపు చూసింది, ముసలామె వైపు చూసింది. వెళ్ళిపోతుందనుకున్నారు. ఆమె దగ్గరికి జరిగి, "ఆంటీ, ఏం పేరు మీ అబ్బాయిది?" అని హిందీలో మెల్లగా అడిగింది.

"నవదీప్" అంది సుభాషిణి. మూడేళ్ళలో ఆ పేరు ఆ నోట భవ్యశ్రీ వినడం అదే మొదటిసారి.

సంతకాలు, తాళాలు, అన్నీ సదాశివరావే చూశాడు. చాందిని సీటుని ముందుకి జరుపుకుంది, తనకి సరిపోయేలా. అద్దం వంచుకుంది. గేటు దగ్గర ఇండికేటర్ వేసి, ఎవరూ రావడం లేదని రెండుసార్లు చూసుకుని, మెల్లగా రోడ్డెక్కింది. వాచ్‌మన్ కూడా తల తిప్పి చూశాడు, ఈ కారు ఎక్కణ్ణుంచి వచ్చిందా అన్నట్టు.

ముగ్గురూ మిగిలారు.

"మీకు తెలుసా మామయ్యా?" అని అడిగింది భవ్యశ్రీ.

"మొన్న ఆ మాత్రలు చూశాకే తెలిసిందమ్మా. అవి మీ అత్తయ్యవి, పైకెళ్ళి అడిగితే చెప్పింది. ఆ రోజు నేను కాకినాడలో ఉన్నాను కదా."

ఆమె సుభాషిణి వైపు తిరిగింది. "పదకొండో రోజు, అందరి ముందూ... మా అమ్మ ముందు అన్నారు."

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"అనకపోతే బతకలేననుకున్నానే" అంది సుభాషిణి. గొంతులో ఏడుపు లేదు, ఏడుపు అయిపోయిన గొంతు అది. "ఎవరో ఒకరి వల్ల పోయుండాలి వాడు. నావల్ల అని ఎలా అనుకోను? కన్నదాన్ని."

"మరి నేనెట్లా బతికానత్తయ్యా?"

సుభాషిణి చేతులు పైట కొంగులో చుట్టుకుని నిలబడింది. సదాశివరావు బకెట్లు ఒకదాంట్లో ఒకటి పెట్టి, గుడ్డలు మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడుస్తున్నాడు.

సుభాషిణి, "పైకి రా. రెండు ముద్దలు తిని వెళ్దువుగాని" అంది. చెయ్యి పట్టుకోవడానికి ముందుకొచ్చి, పట్టుకోకుండా ఆగింది.

భవ్యశ్రీ తన చేతులు చూసుకుంది. గోళ్ళ సందుల్లో వ్యాక్స్ తెల్లగా ఉంది.

"ఇవాళ రాలేనత్తయ్యా."

"మళ్ళీ వస్తావా?"

"తెలీదు" అంది. అబద్ధం చెప్పే ఓపిక ఎవరికీ లేదు అప్పుడు.

మెట్రోలో ఆడవాళ్ళ పెట్టె సగం ఖాళీగా ఉంది. కిటికీ పక్కన కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. బండి కదిలింది. అలవాటుగా, ఇన్నాళ్ళూ ఒంటరిగా కూర్చున్నప్పుడల్లా చేసే పనే చెయ్యబోయింది, లోపల్లోపల నవదీప్‌కి క్షమాపణ చెప్పుకోవడం. నేను ఆ మెసేజ్ పెట్టకుండా ఉండాల్సింది, ఆటోలో వచ్చేయాల్సింది. సగంలో మాట ఆగిపోయింది. చెప్పడానికేమీ లేదు. ఇన్నాళ్ళూ తన తప్పున్న చోట ఇప్పుడు అతనొక్కడే ఉన్నాడు.

భుజం నొక్కుకుంటూ, కాసేపు పడుకుంటానమ్మా అన్నాడు. లేపగానే లేచాడు, చొక్కా తొడుక్కున్నాడు, వస్తున్నా అని మెసేజ్ కొట్టాడు. నొప్పి ఎక్కువైనప్పుడు కారు పక్కకి తీశాడు, వెనక వచ్చేవాళ్ళకి అడ్డం కాకూడదని. ఆ ఫ్లైఓవర్ కింద ఎంతసేపు ఒక్కడే ఉన్నాడో. ఇదంతా మూడేళ్ళుగా ఆమె ఒక్కసారీ ఆలోచించలేదు. ఎప్పుడూ తన మెసేజ్ గురించే ఆలోచించింది.

గొంతులోంచి ఏదో చప్పుడొచ్చింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది గానీ ఆగలేదు. పక్క సీట్లో పెద్దావిడ, ఒళ్ళో కూరల సంచి ఉన్నావిడ, మొదట చూడనట్టు కూర్చుంది. తర్వాత సంచి కింద పెట్టి ఆమె వీపు మీద చెయ్యి వేసింది.

"క్యా హువా బేటీ?"

"మేరే పతి నహీ రహే" అంది భవ్యశ్రీ. నా భర్త పోయాడు.

"హాయ్ రామ్" అంది ఆవిడ. ఆమె తలని తన భుజానికి ఆనించుకుంది. ఎప్పుడని అడగలేదు, ఇప్పుడే కబురు అంది పరుగెత్తుతున్న మనిషనుకున్నట్టుంది. ఇంటికి చేరేదాకా తోడు వస్తాను, ఎక్కడ దిగాలో చెప్పు అంటోంది. మూడేళ్ళయిందని చెప్పడానికి భవ్యశ్రీ నోరు తెరిచింది. చెప్పలేక, ఆ ముక్కూమొహం తెలియని భుజం మీద తల వాల్చి, ఏడుస్తూనే ఉంది.